మూడో అంతస్తు తలుపు

మా బావకి భయం ఎక్కువ. ఈ మాట ఆయన ముందే అంటాను, ఆయనేం అనుకోడు. గ్యాస్ కట్టేశామా లేదా అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వస్తాడు. రోడ్డు దాటాలంటే బండ్లన్నీ వెళ్ళిపోయేదాకా నిలబడతాడు. బండ్లు ఎప్పటికీ వెళ్ళిపోవు కాబట్టి మా అక్క చెయ్యి పట్టుకుని లాక్కెళ్తుంది. అలాంటి మనిషి చేసే పని లిఫ్టులు బాగుచెయ్యడం. చీకటి గొయ్యి మీద చెక్క పలక వేసుకుని, నోట్లో టార్చిలైటు పెట్టుకుని బోల్టులు బిగిస్తాడు. "అక్కడ భయం వెయ్యదా బావా?" అంటే, "వేస్తుంది కాబట్టే ఇంకా బతికున్నాను" అంటాడు.

ఆయనకో ఊతపదం ఉంది: పర్లేదు. కూరలో ఉప్పు మర్చిపోయినా పర్లేదు, వేలు నలిగి రక్తం కారుతున్నా పర్లేదు, సెలవు రోజున పనికి పిలిచినా పర్లేదు. అంటే బాగుందని అర్థమా, బాగాలేదుగానీ ఓర్చుకుంటాననా, మీతో వాదించలేననా, ఇన్నేళ్ళ కాపురంలో మా అక్కకే అంతుపట్టలేదు. నాకైతే ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది.

ఆమధ్య వాళ్ళ కంపెనీలో నీతి క్లాసు పెట్టారు. వ్యాపారంలో నీతి అట. ఎవరో పెద్ద కాంట్రాక్టు ఇచ్చేవాళ్ళు అడిగారని పెట్టారు. మెకానిక్కులందరూ వెనక వరసల్లో కునుకు తీశారు. మా బావ ఒక్కడే ముందు వరసలో, మేనేజరు పక్కన కూర్చుని చెవులు రిక్కించి విన్నాడు. ఆ రోజు భోజనాల దగ్గర మాకు మొత్తం ఒప్పజెప్పాడు. ఏ నిర్ణయమైనా ఎక్కువమందికి ఎక్కువ మేలు చేస్తుందా చూడమనేది ఒక పద్ధతి. లాభనష్టాల సంగతి తర్వాత, అందరూ ఇదే పని చేస్తే నువ్వు ఒప్పుకుంటావా, ఎదుటి మనిషిని మనిషిగా చూస్తున్నావా అని అడిగేది రెండోది. మంచివాడైతే నీ చోట ఏం చేసేవాడో అది చెయ్యమనేది ఇంకోటి.

"ఎక్కువమందికి మేలన్నారు కదా సార్, ఆ మిగిలిన కొద్దిమందికి ముందే చెప్తామా?" అని మా బావ లేచి అడిగాడట. మంచి ప్రశ్న, టీ తాగాక మాట్లాడుకుందాం అన్నాడట మాస్టారు. టీ తాగేసరికి ఆయన బస్సుకి టైమయింది.

నేను పనిచేసేది ఒక పాత మేడ మూడో అంతస్తులో. కీళ్ళకీ నడుముకీ వ్యాయామాలు చేయించే క్లినిక్. నేను రిసెప్షన్‌లో కూర్చుంటాను. మా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామంది చేతికర్రలతోనో వాకర్లతోనో వస్తారు. ఆ మేడ లిఫ్టు చూసుకునేది బావ వాళ్ళ కంపెనీయే. తలుపు మనమే లాగి తెరుచుకునే పాతరకం లిఫ్టు.

ఒక సాయంత్రం అక్కావాళ్ళింటికి వెళ్ళేసరికి బావ కంచం ముందు కూర్చుని తినకుండా కెలుకుతున్నాడు.

"రేపట్నించి నువ్వు మెట్లెక్కి వెళ్ళు," అన్నాడు నావైపు చూడకుండా.

"ఎందుకు, అంత లావయ్యానా?"

మామూలుగా అయితే నవ్వేవాడు. నవ్వలేదు. గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. మూడో అంతస్తు తలుపు లాక్ అరిగిపోయింది. లిఫ్టు పెట్టె ఎదురుగా ఉంటేనే తెరుచుకోవాల్సిన తలుపు, ఇప్పుడు ఎప్పుడు లాగితే అప్పుడు తెరుచుకుంటోంది. తలుపు సరిగ్గా పడకపోతే లిఫ్టు కదలకుండా ఉండే ఏర్పాటు ఒకటుంది. ఒక వైరు ముక్క కలిపి దాన్ని తప్పించి లిఫ్టు నడపమన్నాడు మేనేజరు. కొత్త లాక్ రావడానికి వారం పడుతుంది. "వారమేగా, పర్లేదా?" అని అడిగాడట. బావ నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

"పర్లేదు సార్ అన్నాను. చెప్పిన పని చేస్తాలెండి అని నా ఉద్దేశం. ఆయనకి ప్రమాదమేం లేదని వినపడింది."

"వైరు పెట్టేశావా?"

"పెట్టేశాను."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

"నేనంటే మెట్లెక్కుతాను. మా దగ్గరికొచ్చే ముసలివాళ్ళో?"

"లిఫ్టు ఆపితే వాళ్ళందరికీ వైద్యం ఆగిపోతుందన్నారు మేనేజరుగారు. ఎక్కువమందికి మేలు చూడమన్నారు."

"మరి ఆ రెండో పద్ధతేమైంది? చెప్పకుండా గొయ్యి అంచున నిలబెట్టడం మనిషిని మనిషిగా చూడటమేనా?"

"అడుగుదామనుకున్నాను. ఉద్యోగం గుర్తొచ్చింది," అన్నాడు. కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నాతోపాటు వచ్చాడు. మూడో అంతస్తులో నన్ను గోడకి ఆనుకుని నిలబడమని, తలుపు పిడిని రెండు వేళ్ళతో లాగాడు. అంతే, వచ్చేసింది. చల్లటి గాలి, గ్రీజు వాసన, అడుగు కనపడని చీకటి. రోజూ నేను ఫోన్లో కబుర్లు చెప్తూ, చూడకుండా లాగి అడుగు ముందుకేసే తలుపు అది. మేం చూస్తుండగానే పైనుంచి పెట్టె దిగి, బార్లా తెరిచిన తలుపు ముందునుంచి కిందికి పోయింది. ఇన్నాళ్ళూ ఆయన్ని ఆటపట్టించిన నోరు తడారిపోయింది.

బావ అక్కణ్ణించే ఫోన్ చేశాడు. లిఫ్టు ఆపేస్తానన్నాడు. మేనేజరు గొంతు నాకూ వినపడుతోంది.

"పర్లేదన్నది నువ్వే కదయ్యా. నువ్వు ఆపితే ఇంకొకడొచ్చి నడుపుతాడు. నువ్వు మాత్రం రేపట్నించి రానక్కర్లేదు."

ఫోన్ జేబులో పెట్టుకోబోతే జారి కిందపడింది. ఆయన దాన్ని తియ్యలేదు. తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"నడుపుకోనీ. లాక్ లేదు, నేనుంటాను. మీ డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు.

పెట్టె వచ్చి ఎదురుగా ఆగితే తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూసుకుని తలుపు తీసేవాడు. లేకపోతే ఎవరొచ్చినా కదిలేవాడు కాదు. వెనకనుంచి పెట్టె పోయినప్పుడల్లా తలుపు దడదడలాడేది, ఆయన కళ్ళు మూసుకునేవాడు. ఒక పెద్దావిడ వాకరుతో వచ్చి, "అడ్డు లే నాయనా" అని విసుక్కుంది. "వెనక పెట్టె లేదమ్మా, గొయ్యి ఉంది" అన్నాడు. ఆవిడ అద్దంలోకి తొంగిచూసి వెనక్కి వచ్చి, బెంచీ మీద కూలబడింది. తొందరలో ఉన్నాయన ఒకడు బావని పక్కకి నెట్టి పిడి పట్టుకున్నాడు. బావ ఆయన చొక్కా రెండు చేతులతో గుంజి పట్టుకుని, తల అడ్డంగా ఊపుతున్నాడు. అంత భయం నేను ఏ మొహంలోనూ చూడలేదు. ఆ మనిషి పిడి వదిలేశాడు.

నేను చెప్పింది విని డాక్టరమ్మ మేనేజరుకి ఫోన్ చేసి దులిపేసింది. వారం పట్టే లాక్ మధ్యాహ్నానికల్లా వచ్చింది. కొత్త మెకానిక్ దాన్ని బిగించి, వైరు ముక్క పీకి బావ చేతిలో పెట్టి, ఆయనకి ఉద్యోగం నిజంగానే పోయిన సంగతి చెప్పలేక చెప్పి వెళ్ళిపోయాడు.

నాకు ఏడుపూ గర్వమూ కలిసి వచ్చాయి. "పద బావా, ఇంటికెళ్దాం" అన్నాను. ఆయన వైరు వంకే చూస్తున్నాడు.

"ఇలాంటిదే పోయిన నెల ఇంకోచోట పెట్టాను," అన్నాడు మెల్లిగా. "ఆ లాక్ ఇంతవరకూ రాలేదు."

"ఎక్కడ?"

చెప్పాడు. స్కూలు పిల్లలు ట్యూషన్‌కి వెళ్ళే మేడ.

"మరి నిన్న రాత్రి దాని మాటే ఎత్తలేదేం?"

ఆయన నా మొహంలోకి చూశాడు. "అక్కడ మనవాళ్ళెవరూ లేరు కదమ్మా. గుర్తే రాలేదు."

స్కూళ్ళు వదిలే వేళయింది. ఇద్దరం మెట్లమీదుగా కిందికి పరుగెత్తాం.