శోభనాద్రిగారి వాకబు

మా శోభనాద్రిగారికి ఒకటే జబ్బు. కృష్ణా జిల్లాలోకి ఎవరు వచ్చినా, జిల్లా దాటి ఎవరు వెళ్ళినా ఆయనకు చెప్పి కదలాలి. బందరు బండీ, భీమవరం బండీ, బెజవాడ బండీ కలిసేది గుడివాడ స్టేషనులో గనక, తాలూకా కచేరీ ఉద్యోగం అయిపోయిన మర్నాడే ఆయన ప్లాట్‌ఫారం బెంచీ మీదికి కాపురం మార్చేశారు.

"ఎక్కడికండీ?"

"రంగూనండీ."

"ఏం పని? ఏమిస్తారు? అందులో ఇంటికెంత పంపుతారు?"

కన్నతండ్రి కూడా అడగని ప్రశ్నలు. ఒక ప్లీడరుగారు "మీకెందుకండీ" అని విసుక్కుంటే, "పోనీ మీ గుమాస్తాని అడుగుతాను లెండి" అని మూడో తరగతి పెట్టె వెతుక్కుంటూ వెళ్ళారు.

ఆయన భార్య నాగేంద్రమ్మగారు నాతో అనేవారు: "పెళ్ళిచూపుల్లో ఎవరైనా పాట పాడమంటారు. ఈయన, మీవాళ్ళు నెల్లూరు వదిలి ఎందుకొచ్చేశారు అనడిగారు నాయనా."

"మీరేం చెప్పారు?"

"నాకేం తెలుసు? లోపలికెళ్ళి మా నాన్ననడిగి వచ్చాను."

నేను వాళ్ళ వీధిలోనే ఉంటూ బందరులో మేష్టరీ చేసేవాణ్ణి. రోజూ ఆ స్టేషను మీదుగానే వెళ్ళేవాణ్ణి. ఆయనకు దొరక్కుండా ఎన్నోసార్లు స్తంభాల చాటున నడిచాను.

నలభై రెండు వేసవిలో యుద్ధానికి జడిసి బర్మా నుంచి జనం తిరిగొస్తున్న రోజులు. ఒక మధ్యాహ్నం బెజవాడ బండిలోంచి దివిసీమ వడ్రంగి దైవాధీనం, అతని భార్య ధనమ్మ, చంకలో పసిపిల్ల దిగారు. కట్టుబట్టలతో వచ్చారు. ఊళ్ళో నా అన్నవాళ్ళు లేరు. కలరా భయంతో జనం దూరం జరిగారు. శోభనాద్రిగారు మాత్రం లేచారు.

"ఇవాళ్టికి వదిలెయ్యండి" అని చొక్కా పట్టుకు లాగాను. ఆయన వినలేదు.

"భోంచేశారా?" అనడిగారు వాళ్ళని.

నాగేంద్రమ్మగారి చేతి అన్నం తిన్నాక అందరం ఉయ్యూరు బస్సెక్కాం. పెదపారుపూడిలో ఒక దర్జీ, "మావయ్యగారూ" అంటూ మజ్జిగ తెచ్చాడు.

"ఎవరండీ ఇతను?" అన్నాను.

"ఒంగోలువైపు మనిషి. కరువుకి ఇటొచ్చాడు. ఇక్కడి దర్జీ అప్పుడే హైదరాబాదు వెళ్ళాడు. సరే, ఇతన్ని ఇక్కడ దింపాను."

ఉయ్యూరు చెరుకు మిల్లులో పనిచేసే రత్నరాజు దివిసీమవాడే. మిల్లులో వడ్రంగి కావాలని అతనే లోగడ ఆయనతో అన్నాడట. అతని పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీచేసి భీమవరం వెళ్ళిపోతూ ఆ సంగతి గుడివాడ బెంచీ దగ్గర చెప్పే వెళ్ళారు. పొద్దువాలేసరికి ఆ ఖాళీ ఇంట్లో ధనమ్మ పొయ్యి వెలిగింది.

"ఇన్నేళ్ళూ అడిగింది ఇందుకా?" అన్నాను.

"అబ్బే, ఊసుపోకండీ" అని ఆయన కండువా సర్దుకున్నారు.

ఇంతలో ధనమ్మ గుమ్మంలోకొచ్చింది. "అయ్యగారూ, తమదేవూరు? ఏం చేత్తారు? పింఛనెంతొచ్చుద్ది?"

ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు అంతవరకూ లేరు. ముఖం ఎర్రబడింది. అరుగు మీద చతికిలబడి, తాతగారు ఏలూరు విడిచిన కారణంతో మొదలుపెట్టారు.

ఆఖరి బస్సు తప్పిపోయింది.