దఫ్తర్ పెళ్లి

నల్లగొండ గడియారం సెంటరు వెనక సందులో ఒక ప్రెస్సు ఉండేది. జన్నత్ బీ చీదరించుకోని మనిషి గానీ వస్తువు గానీ ఆ ప్రెస్సులో లేదని అక్కడ పనిచేసిన వాళ్లు చెప్పుకునేవారు. అది పూర్తిగా నిజం కాదు. తండ్రి షరీఫ్ సాబ్ రాత అంటే ఆమెకు గౌరవం. ఆయన పోయాక తన రాత అంటే గౌరవం. మిగతాదంతా ఆమె దృష్టిలో చిత్తుకాగితం.

షరీఫ్ సాబ్ కాతిబ్. అచ్చు వేయాల్సిన ఉర్దూను ముందుగా చేత్తో అందంగా రాసిచ్చే మనిషి. ఉర్దూ అక్షరాలు తెలుగు అక్షరాల్లా ఎవరి పీట మీద వాళ్లు కూర్చునేవి కావు. ఒకదాని భుజం మీద ఒకటి వాలుతూ కిందికి జారతాయి. సీసం అచ్చుల్లో పేరిస్తే ఆ జారుడు రాదు. అందుకే పెళ్లిపత్రికైనా, గుట్ట మీది దర్గా ఉర్సు పోస్టరైనా షరీఫ్ సాబ్ కలం కింది నుంచి రావలసిందే. మగపిల్లలు లేరు కనుక కలం చెక్కడం కూతురికి నేర్పాడు. ఎనభయ్యో దశకం సగానికి వచ్చేసరికి ఆయన చేయి వణకసాగింది. అప్పటినుంచి పేరు ఆయనది, రాత జన్నత్ బీది.

ఆమెను ఖాసింకు ఇచ్చి చేశారు. ఖాసింకు మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఎప్పుడో ఒక ఆదివారం జుట్టంతా బూడిదరంగుతో దిగేవాడు. "సున్నం బట్టీల పొర్లే గాడిద నయం, అది దులుపుకుంటది" అనేది జన్నత్ బీ. ఖాసిం నవ్వేవాడు. మేళ్లచెరువుకు కాపురానికి ఆమె పోనూలేదు, రమ్మని అతను గట్టిగా అడగనూలేదు.

ప్రెస్సు యజమాని అమరేందర్‌కు తెలివి లేదని జన్నత్ బీ ఎన్నడూ అనలేదు. ఉందని అతను అనుకోవడమే ఆమెకు కంపరం. తన తండ్రి కట్టిన ప్రెస్సు కూర్చున్నచోట దొరికిన మనిషి అతను. తొంభై మూడులో హైదరాబాదు పోయి కంప్యూటరు చూసొచ్చి, "ఇగ చేతిరాత బందు. ఉర్దూ గూడ మిషనే రాస్తదట. నేర్చుకుంటె కూసో, లేకుంటె లే" అన్నాడు.

ఆమె కూర్చుంది. విండోస్‌కు ముందరి డాస్ మీద నడిచే ఆ ఉర్దూ ప్రోగ్రాంను నెల తిరిగేలోపు లొంగదీసింది. లొంగదీసి అసహ్యించుకుంది. దాని అక్షరాలు కల్లు తాగి గోడ పట్టుకున్నవాళ్లలా వాలుతాయనేది. అయినా ఆ మూల, ఆ కంప్యూటరు, ఆ కుర్చీ ఆమెవైపోయాయి. తెలుగు పని చేసే జానయ్యకు వేరే కంప్యూటరు ఉండేది. పెళ్లాంపిల్లలున్న నెమ్మదస్తుడు. ఆమెను అక్కా అనేవాడు. అతన్ని కూడా ఆమె తక్కువగా చూసేది గానీ, కాస్త సోమరిగా.

అమరేందర్‌కు ఆ మూల మీద కన్ను. "నెలకు నాలుగు ఉర్దూ పెళ్లిపత్రికలు. దానికి ఒక మిషను, ఒక మనిషి, ఇంత జాగ" అని ఆమెకు వినబడేలాగే గొణిగేవాడు.

తొంభై తొమ్మిది వానాకాలంలో కొత్త కంప్యూటరు వచ్చింది. దానిలో కొత్త రకం విండోస్. దాని మీద పాత ఉర్దూ ప్రోగ్రాం తెరుచుకోనే లేదు. బిగించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన దశరథం రెండోరోజు ఇంకో సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. కొత్త తెర మధ్యలో ఒక నల్లటి కిటికీ తెరుచుకుంది. అందులో పాత కంప్యూటరు మొదలైనట్టే అక్షరాలు గబగబా పైకి పాకాయి. తరవాత ఉర్దూ ప్రోగ్రాం వచ్చి కూర్చుంది.

"గీ కిటికీ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నదనుకోండ్రి" అన్నాడు దశరథం. "నిజంగ లేదు, ఉన్నట్టు చేస్తది. పాత ప్రోగ్రాంకు గా సంగతి తెల్వది. నేను నా పాత మిషన్ మీదనే నడుస్తున్న అనుకుంటది. ఇటుపక్క విండోస్ దాని పని అది చేస్కుంటది."

"లేకున్నా ఉన్నట్టు అనుకునేది గీ ప్రెస్సుల ఒకటి ముందే ఉన్నది" అంది జన్నత్ బీ, అమరేందర్ కుర్చీ వైపు చూడకుండా.

దశరథానికి అర్థం కాలేదు. అమరేందర్ వినలేదు. అతని ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోతోంది. "అంటే ఒక్క మిషన్ల రెండు మిషన్లు నడుస్తున్నయి."

"అంతే, సేటు. జర నిదానంగ నడుస్తది."

"అట్లయితె ఇద్దరు మనుషులెందుకు?"

దశరథం "మిషను సంగతి వేరు సేటు, భాష సంగతి వేరు" అన్నాడు. డబ్బులిచ్చే మనిషితో అంతకన్నా వాదించలేదు.

ఆ వారంలోనే పాత కంప్యూటరు ఎరువుల దుకాణానికి అమ్ముడుపోయింది. జన్నత్ బీని పిలిచి అమరేందర్ చెప్పాడు. "జానయ్యనే రెండూ చూస్కుంటడు. నువ్వు ఇంటికాడ ఫికర్ లేకుంట ఉండు."

ఆమె చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "గా మిషను రెండు బుర్రలు పెట్టుకున్నది. నీకు గూడ ఒకటి పెట్టమని దశరథాన్ని అడగకపోయినవా" అని వెళ్లిపోయింది.

జానయ్యకు ఉర్దూలో మొదటి అక్షరం అలిఫ్ కూడా రాదు. కీబోర్డు మీటల మీద ఉర్దూ అక్షరాల చీటీలు అంటించాడు. గిరాకీ రాసిచ్చిన కాగితం పక్కన పెట్టుకుని, బొమ్మకు బొమ్మ పోల్చుకుంటూ నొక్కసాగాడు. మొదటి పెద్ద పని చోటే మియా ఇంటి పెళ్లిపత్రిక. చోటే మియా జన్నత్ బీ పక్కింట్లోనే ఉంటాడు, గాజుల వ్యాపారం. కూతురు జాహేదాను హైదరాబాదు పాతబస్తీ వాళ్లకు ఇస్తున్నారు. చోటే మియాకు ఉర్దూ మాట్లాడటమే గానీ చదవడం రాదు. అతని భార్య అజీజా బేగంకూ అంతే. జాహేదాకు మాత్రం ఉర్దూ జన్నత్ బీనే నేర్పింది, చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని. ఆ పిల్ల ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తుంది.

ప్రూఫు కాగితం పట్టుకుని జానయ్య సాయంత్రం జన్నత్ బీ ఇంటికొచ్చాడు. సైకిలు దిగీ దిగకముందే, "అక్కా, సేటుకు చెప్పొద్దు. జర ఒక్కసారి చూసిపెట్టు" అన్నాడు.

ఆమె చూసింది. మూడో వరుసలో చూపు ఆగింది. బిడ్డ పెళ్లి అని రాయాల్సిన చోట దుఖ్తర్ అని ఉండాలి. దుఖ్తర్ అంటే కూతురు. జానయ్య దఫ్తర్ అని, అంటే ఆఫీసు అని కొట్టాడు. ఉర్దూలో ఖ, ఫ రెండక్షరాలకూ నెత్తిన ఒక్కో చుక్క ఉంటుంది. రాని కంటికి రెండూ ఒకటే. చోటే మియా తన ఆఫీసు పెళ్లికి బంధువులందరినీ పేరుపేరునా పిలుస్తున్నాడు.

నవ్వు గొంతుదాకా వచ్చింది. అమరేందర్ కుర్చీ, ఆ నల్లటి కిటికీ, 'ఇద్దరు మనుషులెందుకు' అన్న మాట కళ్లముందు తిరిగాయి. కాగితం మడిచి జానయ్య చేతిలో పెట్టింది.

"మంచిగనే ఉన్నది" అంది.

జానయ్య దండం పెట్టి పోయాడు. ఆమె చాయ్ పెట్టుకుని, చక్కెర మరో చెంచా ఎక్కువ వేసుకుని తాగింది.

పత్రికలు జాహేదా కంట పడకముందే పంచేశారు. పాతబస్తీలో పెళ్లికొడుకు పెదనాన్న పదిమందిలో కూర్చుని పత్రిక పైకి చదివాడట. ఆ ఇంట్లో నవ్వు ఆగలేదట. పెళ్లికొడుకు తల్లి మాత్రం నవ్వలేదు. "మమ్మల్ని ఎగతాళి పట్టిచ్చిండ్రా, లేకుంటె చదువు రాని ఇంట్ల పడుతున్నమా" అని కబురు పంపింది. కొత్త పత్రికలు ఇంటింటికీ తిరిగి ఇవ్వాలి, లేకపోతే తమవాళ్లు పెళ్లికి రారని చెప్పింది.

చోటే మియా ప్రెస్సుకు పరుగెత్తాడు. అమరేందర్ కొత్త కంప్యూటరు వైపు చేయి చూపాడు. "ఒకదాంట్ల ఒకటి నడుస్తున్నయి గదా. లోపలిది బయటిది కలిసి అక్షరం మారింది. మిషన్‌ను ఏమంటం." చోటే మియా ఆ మాట నమ్మి ఇంటికొచ్చాడు. ఆ మాట గోడ దాటి జన్నత్ బీకి వినబడింది. ఎంత నీచపు అబద్ధమో అనుకుంది. రోషంతో ఆమె చెంపలు కాలాయి. ఇక లేచి ప్రెస్సుకు పోయి నలుగురిలో అతని పరువు తీద్దామనుకుంటుండగా జాహేదా లోపలికొచ్చింది.

కూర్చోమంటే కూర్చోలేదు.

"జానయ్యన్న మా ఇంటికొచ్చి ఏడ్చిండు" అంది. "నీకు చూపించిండంట గదా, ఖాలా."

"చూపించిండు."

"చూసినవా?"

"చూసిన."

"చదివినవా?"

జన్నత్ బీ చూపు గడప మీదికి దించింది.

"సేటుకు చదువరాదు. జానయ్యన్నకు రాదు. మా అబ్బాకు రాదు. నీకొచ్చు." గొంతు పెంచకుండా అంది జాహేదా. ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. ఆ చూపు జన్నత్ బీకి బాగా తెలిసిన చూపు. ప్రెస్సులో ఎందరి మీదో తాను వాడినదే. తన మీదికి వస్తే దానికి ఇంత బరువుంటుందని మాత్రం తెలియదు.

ఆ పిల్ల వెళ్లిపోయాక ఆమె ప్రెస్సుకు నడిచింది. చోటే మియాను కూడా వెంట రమ్మంది. అమరేందర్ లేచి ఏదో అనబోయాడు. ఆమె జానయ్యను పక్కకు జరిపి కుర్చీలో కూర్చుని నల్లటి కిటికీ తెరిచింది. ప్రోగ్రాం ఈసురోమంటూ వచ్చింది. దుఖ్తర్ అని కొట్టింది. దుఖ్తర్ అనే వచ్చింది. ఇంకోసారి కొట్టింది, అదే వచ్చింది. ఒక్క చుక్కయినా తప్పుతుందేమోనని ఆశగా చూసింది. తప్పలేదు. అది కూడా ఆమెకు చిరాకే.

"లోపలిదానికి బయటిది కనవడది. బయటిది లోపలిదాన్ని ముట్టది" అంది, తెర మీది నుంచి చూపు తిప్పకుండా. "నొక్కింది నొక్కినట్టే వచ్చింది. తప్పు నొక్కినోనిది. రానోని చేత నొక్కిచ్చినోనిది." చేతులు మీటల మీది నుంచి తీసింది. "చూసి గూడ చెప్పనోళ్లది."

చోటే మియా ఆమె వైపు తిరిగాడు. "ఎవరు చూసిండ్రు, ఆపా?"

"నేనే."

అతను బల్ల మీదున్న పాత పత్రికను మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. కొత్త పత్రిక పూర్తయ్యేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కట్ట చేతికిచ్చాక సలాం లేకుండా మెట్లు దిగిపోయాడు.

పెళ్లయింది. జన్నత్ బీని పిలవలేదు. పక్కింట్లో బిర్యానీ డేగ్చాలు దించుతున్న చప్పుడు వింటూ తలుపు వేసుకుని కూర్చుంది. ఆదివారమని వచ్చిన ఖాసిం విషయం విని, చాలాసేపు బనీను దులుపుకుంటూ, "చెప్పి ఉండాల్సింది" అని మాత్రం అన్నాడు. ఏళ్ల తరబడి ఆ మనిషికి తిట్లు పెట్టిన నోటికి ఆరోజు ఒక్క తిట్టూ దొరకలేదు.

అమరేందర్ ఆమెను మళ్లీ పనిలో పెట్టుకున్నాడు. పెట్టుకోక గతిలేదు. వచ్చిన ప్రతి గిరాకీకి కొత్త కంప్యూటరు చూపించి, "మా దగ్గర ఒక్క మిషన్ల రెండు నడుస్తయి" అని ఛాతీ విరిచి చెప్పేవాడు. అతన్ని చూస్తే ఆమెకు కంపరం తగ్గలేదు, నల్లకిటికీ అక్షరాలంటే రోతా తగ్గలేదు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన జాహేదా మాత్రం ప్రతి పొద్దునా ఆమె గడప ముందునుంచే నీళ్లకు పోయేది. ఒక్కసారీ తల తిప్పలేదు. జన్నత్ బీ కూడా పిలవలేదు. ఆ పిల్ల చేసింది తప్పని మాత్రం ఎవరితోనూ అనలేదు.