వెనక నుంచి వచ్చే బండి

బండి కొన్న కొత్తలో నాకు బాగా గుర్తుండిపోయినవి ఆడవాళ్ల చేతులు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందు మలుపు దగ్గర గేరు తగ్గించేదాన్ని. ఇంజన్ గొంతు మారగానే ముందు నడుస్తున్న ఆడవాళ్ల చెయ్యి మెడ మీదికి వెళ్లేది. కొంగు పుస్తెలతాడును కప్పేసేది. కొందరు గోడవారకు జరిగి, నేను దాటిపోయేదాకా కదలకుండా నిలబడేవాళ్లు. నల్ల స్పోర్ట్స్ బండి, నల్ల హెల్మెట్, భుజాలు వెడల్పుగా కనిపించే జాకెట్. వాటి లోపల ఉన్నది ఎల్‌బీ నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో జనానికి సూది గుచ్చి రక్తం తీసే ఆడమనిషి అని వాళ్లకు ఎలా తెలుస్తుంది? తెలియజేద్దామని ఒకటి రెండుసార్లు హెల్మెట్ అద్దం పైకెత్తి నవ్వాను. ఆ నవ్వుకు ఇంకా భయపడ్డారు.

ఇంటర్ తర్వాత నన్ను చదివించినవాళ్లు లేరు. ఆ పైన నేర్చుకున్నదంతా మా ఇంటికి దగ్గర్లో ఉన్న శాఖా గ్రంథాలయంలోనే. బండి నడపడం కూడా సగం అక్కడే నేర్చుకున్నాను. వేగంగా పోయే బండి ఎడమకు తిరగాలంటే హ్యాండిల్ ఎడమ పిడిని ముందుకు నెట్టాలని ఒక ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. నెడితే కుడికి పోవాలి కదా అని నాకు అనుమానం. పుస్తకంలో ఉన్నంత మాత్రాన నమ్మకూడదని కూడా పుస్తకాలే నేర్పాయి. నాదర్‌గుల్‌లో, విమానం నడపడం నేర్పే మైదానం గోడ పక్క ఖాళీ రోడ్డు మీద, ఒక ఆదివారం నెట్టి చూశాను. బండి ఎడమకే వాలింది. ఆ రోజు నేను పొందిన గర్వం బండి కొన్నప్పుడు కూడా పొందలేదు.

నేనుండేది ఒక గుంటూరు ఆంటీ ఇంట్లో, మేడ మీద ఒంటి గది. ఒంటరి ఆడదానికి, అందులోనూ మా ఊరి చర్చి తప్ప పూచీ చెప్పేవాళ్లు లేని దానికి, ఆ గది దొరకడమే గొప్ప. అంతకుముందు హాస్టల్లో ఉండేదాన్ని. పక్కమంచం పిల్లకు నిద్ర వస్తే నా లైటు ఆర్పేయాల్సి వచ్చేది. ఇక్కడ తలుపు వేసుకుంటే ఎంతసేపైనా చదువుకోవచ్చు. ఆంటీ పెట్టిన షరతు ఒక్కటే: మగవాళ్లు పైకి రాకూడదు.

ఒక సాయంత్రం మా సందులోనే గొలుసు తెంచుకుపోయారు. ఎదురింట్లో కింది పోర్షన్‌లో కిరాయికి ఉంటూ బ్లౌజులు కుట్టే అక్క, కొత్తిమీర కొనుక్కుని వస్తోందట. వెనక నుంచి ఒక బండి వచ్చింది. గొలుసు పోయింది, తెగి జారిన పుస్తెలు మాత్రం ఆమె పిడికిట్లో మిగిలాయి. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అక్క గుమ్మంలో కూర్చుని ఉంది. మెడ మీద ఎర్రగా గీత. నా బండి చప్పుడుకు లేచి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాటికి కాలనీ వాట్సాప్ గ్రూపులో సీసీ కెమెరా బొమ్మ వచ్చింది. మసకలో నల్ల బండి, నల్ల హెల్మెట్, నంబరు కనిపించదు. దాని కింద ఎవరో పెట్టారు: ‘ఈ బండిని రోజూ మన సందులో చూస్తున్నాం.’ ఆ కింద నమస్కారం బొమ్మలు. ఎందుకో తెలియదు.

ఆంటీ మెట్లెక్కి పైకి వచ్చింది. మోకాళ్ల నొప్పుల మనిషి, ఊరికే రాదు.

“అమ్మాయ్, నిన్న సాయంత్రం బండి ఎవరికిచ్చావు?”

“ఎవరికీ ఇవ్వలేదు ఆంటీ. సెంటర్ సెల్లార్‌లో ఉంది.”

“నువ్వు పైన ఉంటావు, బండి కింద ఉంటుంది. నువ్వేమైనా దాన్ని చూస్తూ కూర్చున్నావా?”

“తాళం నా దగ్గరే ఉంది కదా.”

“రెండో తాళం?”

బీరువా తీసి చూపించాను. ఆంటీ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. అది ఎక్కడికైనా వెళ్లొచ్చిందేమో అన్నట్టు చూసింది. “నాకు నీ మీద అనుమానం లేదమ్మా. నలుగురూ అడుగుతున్నారు. ఆదివారం సెక్రటరీ గారు వస్తారు. నువ్వూ దిగిరా. వాళ్లు ఒప్పుకోకపోతే గది సంగతి నేనేం చెయ్యలేను.”

ఆ తర్వాత నాకూ అనుమానాలు మొదలయ్యాయి. సెల్లార్‌లో బండిని వదిలిన చోటే ఉందా అని వంగి చూసేదాన్ని. మధ్యాహ్నం సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి వేడిగా ఉందేమో చూసేదాన్ని. సూది గుచ్చుతున్నప్పుడు చెయ్యి చాపిన కుర్రవాడి జేబులో తాళం కనిపిస్తే, అది ఏ బండిదో అనుకునేదాన్ని. గ్రూపులో నమస్కారం పెట్టినవాళ్లలో ఎవరు నన్ను పంపించేయమన్నారో, పేర్లు చూస్తూ ఊహించేదాన్ని.

ఆదివారం పొద్దున గేటు దగ్గర కాలనీ సెక్రటరీ గారు, ఆంటీ, ఇంకొందరు ఆడవాళ్లు. సెక్రటరీ గారు రిటైరైన మనిషి, ఆంటీలాగే గుంటూరు వైపు నుంచి వచ్చినవారే. మర్యాదగానే మొదలుపెట్టారు.

“చూడమ్మా, మా ఆవిడ చాలాసార్లు చూసిందట. సాయంత్రం పూట ఒక కుర్రాడు ఈ బండి దిగి మీ మేడ మీదికి వెళ్తాడట.”

ఆంటీ ముఖం మారింది.

“ఆ కుర్రాడు నేనే సార్,” అన్నాను.

“హెల్మెట్ పెట్టుకుని మెట్లెక్కుతాడట.”

“చేతిలో టిఫిన్ బాక్సు, సంచిలో పుస్తకాలు ఉంటాయి. ఇంకో చెయ్యి లేదు సార్, నెత్తి మీదే ఉంచుకుని ఎక్కుతా.”

ఎవరో నవ్వారు. ఆంటీ నవ్వలేదు. “రోజూ నువ్వేనా?” అంది మెల్లగా.

బొమ్మలోని బండికీ నా బండికీ తేడా చూపించాను. వెనక చక్రానికి చీర కొంగు చిక్కుకోకుండా ఎడమవైపు ఇనప కడ్డీల చీర గార్డు ఉంటుంది. షోకు చెడుతుందని కుర్రాళ్లు ఊడదీసేస్తారు. బొమ్మలో బండికి లేదు, నా దానికి ఉంది. నియమం ప్రకారం ఉండాలని చదివి ఉంచుకున్నాను. సెక్రటరీ గారు కళ్లద్దాలు పెట్టుకుని వంగి, కడ్డీని వేలితో కదిపి చూశారు.

“ఊడదీసి మళ్లీ బిగించుకోవచ్చుగా?”

నిజమే. బిగించుకోవచ్చు.

అప్పుడు ఎదురింటి అక్క బయటికి వచ్చింది. మెడలో పసుపుతాడు, దానికి ఆ పుస్తెలే. “ఫోటోలు నాకెందుకు చూపిస్తున్నరు సారూ? నేను బండిని సూడలే. సప్పుడిన్న. గా సప్పుడు ఇప్పటికీ చెవులనే ఉన్నది.” నా వైపు తిరిగింది. “ఓ పిల్లా, నువ్వు మూల మీదికి పోయి రోజు వచ్చినట్లే రా. నేను అటు మొకం పెట్టి నిలవడ్త.”

అందరికీ ఈ మాట నచ్చింది. నాకు మాత్రం నచ్చలేదు. సాక్షుల జ్ఞాపకం గురించి ఒక పుస్తకం చదివి ఉన్నాను. మనిషికి గుర్తుండేది కొంచెమే, మిగతాది తర్వాత విన్న మాటలతో పూరించుకుంటాడు, అబద్ధమాడుతున్నానని తనకే తెలియదు. నాలుగు రోజులుగా ఆ అక్క చెవిలో అందరూ పోసింది నల్ల బండి గురించే. ఆ చెవి మీద నా గది ఆధారపడి ఉంది.

బండి తోలుకుని మలుపు దాకా వెళ్లి తిప్పాను. పై గేరులో, యాక్సిలేటర్ ముట్టకుండా వస్తే స్కూటీ అంత మెత్తగా వస్తుంది. అలా వస్తే అక్క కాదంటుంది. ఆ ఉపాయం తట్టినందుకే నా మీద నాకు అనుమానం వచ్చింది. తప్పు చేయని మనిషికి చప్పుడు దాచాలని ఎందుకు తోస్తుంది? రోజూ వచ్చినట్టే వద్దామనుకున్నాను. కానీ రోజూ ఎలా వస్తానో గుర్తు రాలేదు. గేరు ఎక్కడ తగ్గిస్తాను? కరెంటు స్తంభం దగ్గరా, కిరాణా కొట్టు దగ్గరా? తలచుకునేకొద్దీ చేతులు నావి కాకుండా పోయాయి. చివరికి ఆలోచించడం వదిలేశాను. స్తంభం దగ్గర గేరు దానంతటదే తగ్గినట్టు తగ్గింది.

అక్క వీపు కనిపిస్తోంది. భుజాలు బిగుసుకున్నాయి. నేను దగ్గరపడగానే ఆమె చెయ్యి ఎగిరి మెడ మీద పడింది.

“చూశారా!” అన్నారు సెక్రటరీ గారు.

“ఏంది సూసేది?” అక్క తిరగబడింది. “ఎన్క నుంచి బండొస్తే చెయ్యి మెడకే పోతది. నిన్న పాలాయన బండొస్తే గూడ పోయింది. పాలాయనను పట్టుకుందామా?”

“అది కాదమ్మా. ఆ సౌండేనా, కాదా?”

అక్క నా బండి వైపు చాలాసేపు చూసింది. నేను ఇంజన్ ఆపేసి ఉన్నాను. చూస్తే వినపడుతుందన్నట్టు చూస్తోంది.

“ఎర్కలేదు.”

“ఎరక లేదంటే ఎట్లాగమ్మా? అందరం నిలబడి ఉన్నాం ఇక్కడ.”

“మీరు నిలవడ్డరని ఎర్కలేనిది ఎర్కున్నదని చెప్పాల్నా?” అని ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

అనుమానం మిగిలితే దాని లాభం నిందపడ్డవాడికే ఇవ్వాలని న్యాయశాస్త్రం గురించి చదివిన ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఆ మాట సెక్రటరీ గారితో అన్నాను కూడా. “అది కోర్టులోనమ్మా, ఇది కాలనీ,” అన్నారాయన. ఆ మాటలో కోపం లేదు. ఆయనకూ పాపం ఏం చెయ్యాలో తెలియలేదు.

చివరికి ఆంటీయే తేల్చింది. “గది ఖాళీ చెయ్యక్కర్లేదు. కానీ మలుపు దగ్గరే బండి ఆపు. ఇంజన్ కట్టేసి, హెల్మెట్ తీసి, ముఖం కనపడేట్టు తోసుకుంటూ రా. ఎవరొస్తున్నారో అందరికీ తెలుస్తుంది. ఇష్టమైతే ఉండు.”

ఎంతో ఇష్టపడి కొన్న బండిని ఇంటిదాకా నడుపుకుంటూ వచ్చే హక్కు లేదన్నమాట. ఎదురు చెప్పాలనిపించింది. మేడ మీద తలుపు, దాని వెనక కిటికీ పక్క వరసగా పెట్టుకున్న గ్రంథాలయం పుస్తకాలు గుర్తొచ్చాయి. “సరే ఆంటీ,” అన్నాను.

సోమవారం సాయంత్రం మలుపు దగ్గర దిగాను. ఆగిన ఇంజన్‌తో ఆ బండి ఎంత బరువో అప్పుడు తెలిసింది. వంగి హ్యాండిల్ పట్టుకుని, మోచేతికి హెల్మెట్ తగిలించుకుని, చెమటలు కక్కుతూ తోసుకుంటూ వస్తున్నాను. కిరాణా కొట్టాయన బయటికి వచ్చి, “పెట్రోలైపోయిందా మేడమ్?” అని అడిగాడు. అవునన్నాను. ఎదురింటి కిటికీలో టకటకమని కొడుతున్న కుట్టుమిషన్ ఆగింది.

“ఎవలది?”

“నేనే అక్కా.”

“నువ్వేనా? ఎన్క ఎవలన్న ఉన్నరా?”

నిలబడి వెనక్కి తిరిగి చూశాను. మలుపు దాకా సందు ఖాళీగా ఉంది. చూసి చెప్తున్నానని ఆమెకు తెలియాలని ఒక క్షణం ఆగాను.

“ఎవ్వరు లేరక్కా.”

నేను బండి లోపలికి తోసి, గేటు వేసి, గొళ్లెం పెట్టేదాకా మిషన్ మళ్లీ కదల్లేదు.