కొలంబోలో తెలీదన్న మాట

పెద్దింటయ్య భీమడోలు నుంచి కొల్లేటి గట్టు ఊళ్ళకు తపాలా సంచి మోసే రన్నరు. వానైనా ఎండైనా అతనికి నడక తెలియదు, పరుగే. ఏలూరులో పెట్టిన పరుగు పందెంలో పోలీసుల్నీ కాలేజీ కుర్రాళ్ళనీ వెనక్కి నెట్టేసరికి బియ్యం వర్తకుడు శ్రీరంగనాయకులు గారి కన్ను అతని మీద పడింది. సింహళంలో వ్యాపార స్నేహితులున్న మనిషి ఆయన. కొలంబోలో పదమూడు మైళ్ళ పందెం జరగబోతోందని వినగానే, "మన ఏలూరు పేరు సముద్రం దాటాలయ్యా" అని అతన్ని వెంటబెట్టుకుని బయల్దేరారు.

మద్రాసులో రైలు మారి, ధనుష్కోటిలో ఓడ ఎక్కి, అవతలి ఒడ్డున మళ్ళీ రైలు పట్టుకుని కొలంబో చేరారు. పందానికి ముందు సాయంత్రం కమిటీవాళ్ళ టీ పార్టీలో నాయకులుగారు పెద్దింటయ్యను ఎవరో మోతుబరి రైతు కొడుకని పరిచయం చేశారు. బయటికొచ్చాక ఆ సంగతి ఆయనే చెప్పారు.

"చేపలు పట్టే ఇంటివాడంటే చిన్నచూపు చూస్తారయ్యా. ఈ రెండ్రోజులూ అలాగే కానీ."

పెద్దింటయ్య తలూపాడు. కొత్త తెల్లబూట్లు, ఇస్త్రీ చొక్కా. మోతుబరి కొడుకుగా ఉండటం బాగానే ఉందనిపించింది కూడా.

పందెం సముద్రం వారనున్న రోడ్డు మీద. పొద్దెక్కకముందే ఉక్కపోత. సగం దూరం ముందువరసలోనే ఉన్నాడు గానీ, బూట్లు అలవాటు లేక మడమలు ఒరుసుకుపోయాయి. నోరు పిడచకట్టింది. ఒక్కొక్కరే దాటిపోతున్నారు. అప్పుడు వినబడింది తెలుగు మాట.

"ఒరే పెద్దింటీ, నువ్వేనట్రా?"

ఖాకీ నిక్కరుతో, చేతిలో పొడుగు చీపురుతో అప్పారావు మావయ్య. అమ్మ గంగారత్నానికి ఒక్కడే తమ్ముడు. తుపానుకు పడవా వలలూ కొట్టుకుపోయిన ఏడు ఇల్లు విడిచి వెళ్ళి, మళ్ళీ కబురు లేని మనిషి. చీపురు అక్కడే పడేసి, పక్కనున్న బడ్డీలోంచి కొట్టి ఉంచిన కొబ్బరిబోండాం ఒకటి అందుకుని వెంట పరిగెత్తాడు.

"ఆగకు, తాగు. అక్క బాగుందా?"

పెద్దింటయ్య తాగుతూనే తలూపాడు. ఆ నీళ్ళు లోపలికి దిగాక కాళ్ళు మళ్ళీ అతని మాట విన్నాయి. రెండోవాడిగా చేరాడు.

దండ వేశారు. ఫోటోకి నిలబెట్టారు. అంతలో జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల మావయ్య, రొప్పుతూ, మొహమంతా నవ్వుతో, "మా అక్క కొడుకండీ" అని కాపలావాడికి తెలుగులోనే చెప్పుకుంటున్నాడు. కమిటీ పెద్దమనిషి ఒకాయన అటు చూసి ఏదో అడిగాడు. నాయకులుగారి మొహం మాడిపోయింది.

"నీకు తెలిసినవాడా అంటున్నారు" అన్నారు గొంతు తగ్గించి.

పెద్దింటయ్య బూట్ల వంక చూసుకున్నాడు. "తెలీదండీ. ఎవరో."

మావయ్యకు వినబడింది. "పొరబాటు పడ్డానండీ, మావాడనుకున్నాను" అని అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పెద్దింటయ్య పుండుపడ్డ మడమలతో ఆ రోడ్డంతా వెతికాడు. సైగలతో అడిగాడు. ఊడ్చేవాళ్ళు చాలామంది కనిపించారు, మావయ్య కనిపించలేదు. మర్నాడు తిరుగు ప్రయాణం.

ఏలూరు స్టేషన్లో మేళతాళాలు పెట్టారు. సన్మాన సభలో నాలుగు మాటలు చెప్పమని నిలబెట్టారు.

"నేను మోతుబరి కొడుకునని అక్కడ చెప్పుకున్నామండీ. మాది చేపలు పట్టే ఇల్లు. మా మావయ్య ఆ ఊళ్ళో వీధులు ఊడుస్తున్నాడు. దాహానికి పడిపోబోతుంటే నీళ్ళు తాగించాడు. నలుగురిలో ఆయనెవరో తెలీదన్నానండీ."

వెనకవరసలో ఎవరో, సంగతి సరిగా వినబడక, చప్పట్లు కొట్టారు. నాయకులుగారు తల తిప్పుకున్నారు. చెప్పేస్తే తేలికపడతాననుకున్నాడు పెద్దింటయ్య. పడలేదు.

భీమడోలులో రైలు దిగి, కుంటుతూ గట్టు పట్టి ఇంటికి చేరేసరికి ఆ మాట అతనికన్నా ముందే చేరింది. గంగారత్నం వల బాగుచేస్తూ కూర్చుంది. తిట్టలేదు. దారం కొరికి, తలెత్తకుండా అడిగింది.

"నా గురించి అడిగాడా?"

"అడిగాడమ్మా."

"పెళ్ళాం పిల్లలున్నారంటా? ఎక్కడుంటున్నాడంట?"

పెద్దింటయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నేనేమీ అడగలేదమ్మా."

ఆమె లేచి అన్నం వడ్డించింది. ఎప్పటిలా పక్కన కూర్చోలేదు.