అద్దాలు బల్ల మీద పెట్టిన ఆదివారం

మా సంఘంలో ఆదివారం బైబిలు వాక్యపఠనం అమ్మది. గార్లదిన్నె దగ్గర మా ఊళ్లో వారమంతా శనక్కాయ చేలల్లో కలుపు తీసి, ఆ రోజు మాత్రం తెల్లచీర కట్టుకుని, కళ్లద్దాలు సర్దుకుని నిలబడేది.

ఒక ఎండాకాలం ఆమెకు దాహం మితిమీరింది. ఎండలే కారణమనుకున్నాం. ఆ రోజుల్లోనే ఒకసారి అద్దాలు మరిచి మందిరానికి వచ్చింది. తెస్తానని నేను లేస్తే, "యాడికి పోతావు, కూచో. అచ్చరాలు బాగా కనపడతాండాయి" అంది. అధ్యాయమంతా తడబడకుండా చదివింది. అందరం చేతులెత్తి స్తోత్రం చేశాం.

స్వస్థత పొందినవాళ్లు ఆనవాలుగా ఏదో ఒకటి మందిరంలోని బల్ల మీద వదిలిపోవడం మా అలవాటు. చేతికర్రల పక్కన అమ్మ తన అద్దాలు పెట్టింది.

తర్వాత కాలిపుండు మానకపోతే అనంతపురంలో చూపించాం. షుగరన్నారు. మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గరి అక్షరాలు మళ్లీ అలుక్కుపోయాయి.

"ఈ మాత్రలు నా చూపు తినేస్తాండాయి. దేవుడిచ్చింది పోగొట్టుకుంటానా?" అని మాత్రలు మానేసింది. మానిన కొద్దిరోజులకే అక్షరాలు తేటపడ్డాయి. అంతకన్నా రుజువేం కావాలి మాకు?

ఏళ్లు గడిచాయి. ఒక ఆదివారం చదువుతూ చదువుతూ ఆగింది. "పేజీ మింద చీమలు పారతాండాయి, దులుపు" అంది. పేజీ మీద ఏమీ లేదు.

అనంతపురంలో కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతే, అమ్మ ఆమెకు తన స్వస్థత సాక్ష్యమంతా చెప్పింది. ఆమె ఓపిగ్గా విన్నది.

"నెత్తురులో చక్కెర ఎక్కువైతే కంటిలోని కటకంలో కూడా చేరి నీళ్లు లాగుతాదమ్మా. నానేసిన శనగ మాదిరి అది ఉబ్బుతాది. అప్పుడు దగ్గరిది అద్దాలు లేకుండానే కనపడతాది, దూరంది మసకైతాది. మాత్రలతో ఆ ఉబ్బు దిగితే మళ్లా అద్దాలు కావల్ల. చక్కెర అట్లే ఉంటే కంటి వెనక పొరలో సన్న నాళాలు పాడై నెత్తురు కారుతాది. నీ చీమలు అవే."

మందిరంలో వెనక వరసలో ఎవరున్నారో అమ్మ పోల్చుకోలేకపోవడం అప్పుడు గుర్తొచ్చింది. వయసనుకుని ఊరుకున్నాం.

"అయితే దేవుడు జబ్బుండాదని చూపిస్తే, నేను హల్లెలూయ అనేసి ఇంటికి పోయినానా!" అంది అమ్మ.

ఒక కన్ను దక్కలేదు. రెండోదానికి లేజరు పెట్టి, ఉన్న చూపును నిలిపారు. అది అక్షరాలకు చాలదు. బల్ల మీది అద్దాలు తెమ్మంటే తెచ్చి, దుమ్ము తుడిచి ఇచ్చాను. పెట్టుకుని చూసి, మడిచి నా చేతిలోనే పెట్టింది.

దేవుడు స్వస్థపరచడని నేననను. ఆయన పంపిన హెచ్చరికను మేమే స్తుతులతో కప్పేశాం. ఆ బాధ ప్రార్థనలో కూడా తీరడం లేదు.

ఇప్పుడు వాక్యం నేను చదువుతున్నాను. అమ్మ ముందు వరసలో పెదవులు కదుపుతూ ఉంటుంది. నేనెక్కడైనా ఒక మాట వదిలేస్తే అందరికీ వినపడేలా అంటుంది:

"ఏమప్పా, అద్దాలు పెట్టుకో."