మస్తాన్ గిటార్‌కు కట్టిన ఎర్ర దారం

దయ్యాల కబుర్లు చెబితే ఎగతాళి చేసే రకం నేను. ఇంట్లో దిష్టికి తెచ్చిన నిమ్మకాయలను మజ్జిగలో పిండుకుని తాగినవాణ్ణి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజుల్లో జరిగిన ఈ ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు.

కడపలో ఒక ఆర్కెస్ట్రాలో నేనూ మస్తాన్ గిటార్ వాయించేవాళ్లం. ఒకే షాపులో కొన్న ఒకే రకం గిటార్లు. నా గిటార్‌లో అన్నిటికన్నా లావుగా ఉండే మోటు తీగ మీటితే బురదలో గేదె నడిచినట్టుండేది. వాడిది ఒక్కో స్వరం విడివిడిగా పలికేది.

తేడా అంతా పికప్‌లో ఉంది. తీగల కింద ఉండే అయస్కాంతపు ముక్క అది. తీగ అదురును పట్టి స్పీకర్‌కు పంపుతుంది. మస్తాన్ వారాల తరబడి దాన్ని ముందుకీ వెనక్కీ జరిపి, కాస్త వాలుగా బిగించి సరైన చోటు పట్టాడు. నేనూ జరిపాను. చెక్కకు చిల్లులు పడ్డాయి గానీ సౌండ్ రాలేదు. దాచుకోవడం దేనికి, వాడి మీద కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

అప్పుడే మా ఓనర్ ఒక్క గిటారిస్టు చాలన్నాడు. కమలాపురం పెళ్లిలో నేను, తర్వాత రాయచోటి పెళ్లిలో మస్తాన్ వాయించాలి. బాగా వాయించినవాడే ఉంటాడు.

శుక్రవారం మధ్యాహ్నం మస్తాన్ నమాజుకు వెళ్లాడు. రిహార్సల్ గదిలో నేనొక్కణ్ణే. పికప్ ఉన్న చోటు కొలుద్దామంటే టేపు లేదు. వాడి గిటార్ మెడకు వాళ్లమ్మ దర్గాలో మొక్కుకుని కట్టిన ఎర్ర దారం ఉంది. అది విప్పి, కొలిచి, ముడులు వేశాను. మళ్లీ కట్టేలోపు మెట్ల మీద చప్పుడైంది. దారం జేబులో వేసుకున్నాను.

ఆ ముడుల లెక్కనే నా పికప్ బిగించాను. సౌండ్ అద్దంలా వచ్చింది.

ప్రతి పాటకు ముందు మోటు తీగను ఒకసారి మెల్లగా తట్టడం మస్తాన్ అలవాటు. నాకది లేదు. కమలాపురంలో మొదటి పాటకు ముందే నా గిటార్‌లో ఆ తీగ మోగింది. రెండో పాటకూ అంతే.

"ఏమప్పా, మస్తాన్ అలవాటు నీకూ అంటుకునిందే?" అని కీబోర్డాయన నవ్వాడు.

తర్వాత పెళ్లివాళ్ల సీడీ తెప్పించి చూశాను. తీగ మోగినప్పుడు నా కుడిచేయి కర్చీఫ్‌తో మెడ తుడుస్తోంది. ఎడమచేయి మోకాలి మీద ఉంది. నాలుగుసార్లు చూశాను.

కమలాపురం పెళ్లయిన వారంలోనే మస్తాన్ నన్ను వాళ్లింటికి పిలిచాడు. ముఖం వాడిపోయి ఉంది.

"శుక్రవారం నుంచి మోటు తీగ పలకడం ల్యాదప్పా. తీగ మార్చినా, వైర్లు మార్చినా అంతే. రేపే రాయచోటి. నీ చెవి మంచిది, రోంత చూడు."

నాకు లోపల సంతోషమే అయింది. ఊరుకుంటే ఆర్కెస్ట్రాలో చోటు నాదే. ఇంతలో వాళ్లమ్మ టీ తెచ్చి, గిటార్ మెడ తడిమింది.

"దారం యాడ పడిపాయనో నాయనా. మళ్లీ దర్గాకు పోయి కట్టిచ్చుకొస్తా."

ఆమె మోకాళ్లు పట్టుకుని నడిచే మనిషి. గిటార్ సంచిలో వెతుకుతున్నట్టు నటిస్తూ, నా జేబులోని దారం తీసి ముడులు విప్పాను. దొరికిందమ్మా అని అబద్ధమాడి నేనే కట్టాను. మస్తాన్ మోటు తీగను తట్టాడు. గంటలా మోగింది.

"ఏముండాదప్పా నీ చేతిలో!" అని నన్ను వాటేసుకున్నాడు.

రాయచోటిలో వాడు బాగా వాయించాడు, ఆర్కెస్ట్రాలో చోటు వాడికే దక్కింది. దారం తిరిగి కట్టిన రోజు నుంచి నా గిటార్‌లో మళ్లీ బురదే. పికప్ వెంట్రుకవాసి కదల్లేదు, కొలిచి చూశాను. ఎందుకలా అయిందో ఈరోజుకీ తెలియదు. మస్తాన్‌కు నిజం చెప్పే ధైర్యమూ రాలేదు.

ఇప్పటికీ కడపలో ఎవరి గిటార్ పలకకపోయినా, నా చేతిలో మహిమ ఉందని వాడు నా దగ్గరికే పంపిస్తాడు.