నాలుగో కాలమ్

పాతికేళ్లు దాటింది. ఈ బరువు ఇంకా దిగలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల్లో ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో కంప్యూటర్ పని నాది. గొంతు ఇచ్చే ఆర్టిస్టుల వివరాలన్నీ ఒక పట్టికలో ఎక్కించాను. పేరు, వయసు, ఫోను నంబరు, నాలుగో కాలమ్‌లో 'పిలవొచ్చా': అవును లేదా కాదు. 'అవును' ఉన్నవాళ్ల లిస్టు తీసే ప్రోగ్రాంలో ఆ కాలమ్ పేరు రాయాలి. నేను 'నాలుగు' అని అంకె వేసి ఊరుకున్నాను. తొందరగా అయిపోతుందని. ఇంకెవరికీ అర్థం కాకపోతే మరీ మంచిదనుకున్నానేమో, అదీ ఒప్పుకోవాలి.

కొన్నాళ్లకు, సొంత ఫోను ఎవరికుందో తెలియాలన్నారు మేనేజరు. ఫోను నంబరు పక్కనే ఇంకో కాలమ్ చేర్చాను. అదే నాలుగోదైంది, 'పిలవొచ్చా' ఐదోదైంది. అందులోనూ అవును, కాదు. కంప్యూటర్ కిక్కురుమనలేదు. సొంత ఫోను ఉన్నవాళ్లనే పిలుస్తూ పోయాం.

గ్రేస్ అనే ఆర్టిస్టు వెంగళరావు నగర్‌లో అద్దెకుండేది. ఆమెది పి.పి. నంబరు, ఇంటివాళ్లకు చేసి పిలిపించాలి. హీరోయిన్ స్నేహితురాళ్లకు గొంతు ఇచ్చేది. అద్దం ఇవతల నిలబడి వింటుంటే నాకు పని గుర్తొచ్చేది కాదు. ఇష్టపడ్డాను. చెప్పలేదు.

మూడు నెలలు పిలుపు రాక, ఒక మధ్యాహ్నం తనే వచ్చింది. లిస్టు తీశాను. ఆమె పేరు లేదు. పట్టిక తెరవగానే ఎందుకు లేదో తెలిసిపోయింది.

"నా గొంతు నచ్చట్లేదా అండీ? ఉన్నమాట చెప్పండి, ఏమీ అనుకోను."

"ఇప్పుడు కొత్త గొంతులు అడుగుతున్నారండీ."

"అంతేలెండి," అంది. నవ్వింది కూడా.

మేనేజరు పక్క గదిలోనే ఉన్నారు. నిజం చెబితే ఉద్యోగానికి ముప్పు వస్తుందని భయపడ్డానా? కాదు. ఆమె ముందు చులకనైపోతానని భయపడ్డాను. ఆమె కంటికి తెలివైనవాడిగా కనబడాలని ఆమె పనినే పోగొట్టిన నాది ఇష్టమేనా?

ఆమె వెళ్లగానే అంకె తీసేసి పేరు రాశాను. రెండు నిమిషాల పని. నెల తర్వాత ఒక సినిమాకు లిస్టులో ఆమె పేరు వచ్చింది. ఫోను చేస్తే ఇంటావిడ ఎత్తింది.

"గా పిల్ల ఖాళీ చేసి పోయింది సార్. ఏడికో చెప్పలే. గొంతు పనికిరాదన్నరంట గదా."

ఇప్పటికీ టీవీలో ఆ రోజుల సినిమా వస్తే కళ్లు మూసుకుని ఆమె కోసం వెతుకుతాను. ఒక్కోసారి దొరుకుతుంది. రెండు మాటలు, అంతే. ఆమె ఎక్కడో తన గొంతు బాగాలేదనుకుంటూనే ఉండి ఉంటుంది. బాగుండేది. నాకు చాలా బాగుండేది. ఈ మాట ఆమెకు చేరదని తెలుసు. అయినా ఇవాళ పైకి అన్నాను.